పథ్యం ఉన్నవాళ్లకు ఆకలేసి, చేతిలో పైసలు లేకపోతే: వరంగల్, ఉత్తర తెలంగాణలో ఉచిత భోజనం వెతుక్కునే పద్ధతి

అన్నదానం ఎక్కడ జరుగుతుందో చాలామందికి తెలుసు. ఇబ్బంది అంతా అక్కడికి వెళ్లాకే. "పొద్దున షుగర్ మాత్ర వేసుకున్న, ఇక్కడ అన్నం తప్ప ఏం లేదు, తినాల్నా వద్దా?" "బాబుకు పల్లీలు పడవు, పులిహోర పెట్టొచ్చా?" "డయాలసిస్‌కు వచ్చినం, సాంబారు పోస్తున్నరు, ఏం చేయాలె?" ఆరేళ్లుగా ఆదివారాలు హనుమకొండలో రోగుల తోడు వచ్చినవాళ్లకు అన్నం వడ్డిస్తున్నాను. ఈ ప్రశ్నలు వినని వారం లేదు. వాటికి వరసగా జవాబులు రాస్తున్నాను.

1. ముందు మీ పథ్యం ఏ రకమో తేల్చుకోండి

కడుపు కాలుతున్నప్పుడు బుర్ర పనిచేయదు. ఏ నియమాన్ని ఎంతవరకు సడలించుకోవచ్చో కడుపు నిండా ఉన్న రోజే తేల్చుకోవాలి.

మొదటి రకం, ఒక్క ముద్దతో ప్రాణం మీదికి వచ్చేది. పల్లీలు, జీడిపప్పు, నువ్వులు, గుడ్డు, రొయ్యలు, పాలు, వీటిలో ఏదైనా తింటే పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడనివాళ్లు ఈ రకం. వీళ్లకు సడలింపు లేదు. అనుమానం ఉంటే ఆ పూట ఆకలితో ఉండటమే మేలు.

రెండో రకం, కొలత తప్పితే చేటు చేసేది. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు ఇందులోకి వస్తాయి. వీళ్లు ఏం తిన్నారన్నదాంతో పాటు ఎంత తిన్నారు, ఏ టైంకు తిన్నారు అన్నది కూడా చూసుకోవాలి. సడలింపు ఉంది, కానీ లెక్కతో. గోధుమ అసలు పడని సీలియాక్ జబ్బు మాత్రం ఈ రెండు రకాలకూ మధ్యలో ఉంటుంది. వెంటనే ప్రాణం పోదు, కానీ చిటికెడు గోధుమ కూడా పేగులను దెబ్బతీస్తుంది.

మూడో రకం, ఆచారం. ఉల్లి వెల్లుల్లి తినకపోవడం, మాంసం ముట్టకపోవడం, హలాల్, జైన నియమం, దీక్ష, దేవుడికి నివేదించినది తినకపోవడం. దీన్ని ఎంత సడలించుకోవాలో మీరే చెప్పాలి. "ఆకలేస్తుంటే ఇంకా నియమాలేంది" అనే హక్కు వడ్డించేవాళ్లకు లేదు.

2. జబ్బు పేరు కాదు, వస్తువు పేరు రాసిన చీటి జేబులో పెట్టుకోండి

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నాలుగేళ్ల కిందట ములుగు వైపు నుంచి కోచింగ్‌కు వచ్చిన ఒక అబ్బాయి మా వరసలో నిలబడ్డాడు. "అన్నా, ఇందుల పల్లీలు ఉన్నయా? నాకు పడవు" అని అడిగాడు. ఆ రోజు వంకాయ కూర, పప్పు, అన్నం. నేను బకెట్‌లోకి తొంగి చూశాను. పైన ఎక్కడా పల్లీ గింజ కనిపించలేదు. "లేవు తమ్మీ, తిను" అన్నాను. రెండు ముద్దలు తిన్నాడో లేదో, కింది పెదవి ఉబ్బడం మొదలైంది. మెడ మీద చేత్తో రుద్దుకుంటూ నా వైపు చూశాడు. కూర గ్రేవీ మొత్తం వేయించి నూరిన పల్లీలతో చిక్కబడింది. గింజల కోసం చూసిన నాకు పొడి సంగతి తట్టలేదు. 108లో తీసుకెళ్లారు, బతికాడు.

ఆ రోజు నుంచి నేను పట్టుకున్న విషయం ఒక్కటే. మన దగ్గర "పడదు" అనే మాట చాలా తేలికైపోయింది. వంకాయ ఇష్టం లేనివాడూ పడదంటాడు, తింటే చచ్చిపోయేవాడూ పడదంటాడు. అందుకే తింటే ఏమవుతుందో చెప్పాలి, ఆ వస్తువు ఏయే రూపాల్లో ఉంటుందో కూడా చెప్పాలి. వరసలో వెనక నుంచి తోస్తుంటే ఇదంతా నోటితో చెప్పలేం. చీటి చూపించండి.

పల్లీలు పడనివాళ్లకు: "పల్లీలు, పల్లీ పొడి, పల్లీ చట్నీ, పల్లినూనె తింటే నాకు గొంతు వాచి ఊపిరి ఆగిపోతుంది. ఇందులో ఇవి కలిసినాయా? వంట చేసినవాళ్లను అడిగి చెప్పండి. నాకు తేడా వస్తే 108కి ఫోన్ చేయండి."

షుగర్ ఉన్నవాళ్లకు: "నాకు షుగర్ ఉంది, మందు వాడుతున్నాను. చెమటలు పట్టి తూలితే, తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి."

గోధుమ పడనివాళ్లకు: "గోధుమ పిండి, మైదా, రవ్వ, సేమ్యా, ఇంగువ కలిసినవి నేను తినకూడదు. ఉత్త అన్నం, పోపు వేయని పప్పు ఉంటే పెట్టండి." సీలియాక్ అని రాస్తే వంట మాస్టర్‌కు అర్థం కాదు. మైదా అంటే అవుతుంది.

చీటి తెలుగులో ఒకవైపు, హిందీలో రెండోవైపు రాయించుకోండి. పెద్ద వంటశాలల్లో బయటి రాష్ట్రాల వంటవాళ్లు ఎక్కువగా ఉంటున్నారు. ఫోన్‌లో ఫోటో ఒక్కటే పెట్టుకుంటే చాలదు, చార్జింగ్ సరిగ్గా అప్పుడే అయిపోతుంది.

3. సంచిలో ఉండాల్సినవి

ఊళ్ల నుంచి వరంగల్ పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకు వచ్చేవాళ్లు దుప్పటి తెచ్చుకుంటారు, చెంబు తెచ్చుకుంటారు. వీటితో పాటు ఇవి కూడా వేసుకోండి.

- మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి, చెంచా ఒకటి. ఇది చాలా ముఖ్యం, ఎందుకో తర్వాత చెప్తాను.
- నాలుగు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ పొట్లం. షుగర్ మందు వేసుకునేవాళ్లు చొక్కా జేబులోనే పెట్టుకోవాలి.
- మీకు పడే ఎండు తిండి ఒక పూటకు సరిపడా. పేలాలు, పుట్నాలు, అటుకులు, జొన్న రొట్టె ముక్కలు. జొన్న రొట్టె రెండు రోజులు ఆగుతుంది.
- మందుల చీటీ, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు.
- నీళ్ల సీసా.

4. ఎక్కడికి, ఏ టైంకు వెళ్లాలి

గుళ్లు

వేములవాడ, యాదగిరిగుట్ట, బాసర వంటి పెద్ద క్షేత్రాల్లో నిత్యాన్నదానం ఉంటుంది. మామూలుగా మధ్యాహ్న నివేదన అయ్యాకే మొదలుపెడతారు. పదకొండు గంటలకే చేరుకుని టోకెన్లు ఇస్తున్నారా, ఎంతమందికి పెడతారు అని కౌంటర్‌లో అడగండి. ఒంటిగంటన్నరకు వెళ్తే అన్నం దొరకొచ్చు, కానీ కూర అయిపోయి సాంబారే మిగులుతుంది. షుగర్, కిడ్నీ ఉన్నవాళ్లకు అదే చేటు. అందుకే మీరు మొదటి పంక్తిలో కూర్చోవాలి. గుడి వంటలో ఉల్లి, వెల్లుల్లి సాధారణంగా ఉండవు. మాంసం, గుడ్డు భయం అసలే లేదు.

ప్రసాదం కౌంటర్ వేరు, అన్నదానం వేరు. ప్రసాదం అంటే పులిహోర, లడ్డూ, చక్కెర పొంగలి. పల్లీలు పడనివాళ్లకు పులిహోర, జీడిపప్పు పడనివాళ్లకు పొంగలి, షుగర్ ఉన్నవాళ్లకు లడ్డూ చేటు. ఆకలి తీర్చుకోవడానికి ప్రసాదం సరైన తిండి కాదు. కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇచ్చేయండి.

ఆస్పత్రులు

సర్కారు దవాఖానాలో చేరిన రోగికి భోజనం ఆస్పత్రే పెడుతుంది. ఈ సంగతి తెలియక బయట క్యూలో నిలబడేవాళ్లు ఉన్నారు. రోగికి షుగర్ లేదా కిడ్నీ జబ్బు ఉంటే రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్‌ను అడిగి కేస్ షీట్‌లో డైట్ రాయించుకోండి. ఆ తర్వాత సిస్టర్‌కు గుర్తు చేయాలి. నోటిమాటగా చెప్తే డ్యూటీ మారగానే పోతుంది.

తోడు వచ్చినవాళ్లకు మామూలుగా ఆస్పత్రి పెట్టదు. గేటు దగ్గర దాతలు పెట్టేదే దిక్కు. పుట్టినరోజులకు, వర్ధంతులకు పెట్టేవాళ్లు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు మధ్య వస్తారు. సెక్యూరిటీ గార్డులకు, ఎదురుగా చాయ్ బండి వాళ్లకు ఎవరు ఏ రోజు వస్తారో తెలిసి ఉంటుంది. ముందు రోజే అడిగి పెట్టుకోండి.

గురుద్వారాలు, మసీదులు

నిజామాబాద్, బాసర వైపు ఉన్నవాళ్లకు నాందేడ్ రైల్లో దగ్గర. అక్కడి హజూర్ సాహిబ్ గురుద్వారాలో లంగర్ భోజనం అందరికీ ఉచితం, కులం మతం అడగరు, మాంసం ఉండదు. రొట్టె, పప్పు ముఖ్యం కాబట్టి గోధుమ పడనివాళ్లు అన్నం ఉందా అని ముందే అడగాలి. తల మీద గుడ్డ కప్పుకుని లోపలికి వెళ్లాలి.

రంజాన్ నెలలో చాలా మసీదుల్లో ఇఫ్తార్ పెడతారు. ఖర్జూరం, పండ్లు, శనగలు ఉంటాయి. హలీమ్ అంటే మాంసం ఒక్కటే అనుకోకండి. అందులో గోధుమ నూక ఉంటుంది.

పండుగల రోజులు

వినాయక నవరాత్రులు, శ్రీరామనవమి, హనుమాన్ జయంతి రోజుల్లో వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో గల్లీకో అన్నదానం దొరుకుతుంది. మండపాల దగ్గర వండేది ఫంక్షన్ల వంట మాస్టర్లే. ఉల్లి, వెల్లుల్లి వేశారా అని అడగకుండా తినొద్దు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప స్వాముల భిక్ష జరుగుతుంది. అది ఉల్లి వెల్లుల్లి లేని వంట. ముందు స్వాములు తింటారు, తర్వాత మిగతావాళ్లు. కాసేపు ఆగితే చాలు.

జైన నియమం ఉన్నవాళ్లకు ఆలేరు దగ్గర కొలనుపాక జైన మందిరంలో భోజనశాల ఉంది. దుంపలు కూడా వాడరు, పొద్దు గూకకముందే భోజనం ముగుస్తుంది. ఉచితమా, రుసుము ఉందా అని గేటు దగ్గరే అడిగి వెళ్లండి.

ఎండాకాలం చలివేంద్రాలు

మజ్జిగ, రాగి అంబలి పోస్తారు. అంబలి కడుపు నింపుతుంది, గోధుమ పడనివాళ్లకు మంచిది. అందులో మజ్జిగ కలిపారా అన్నది పాలు పడనివాళ్లు అడగాలి. ఉప్పు వేయకముందు ఒక గ్లాసు పోయమని బీపీ ఉన్నవాళ్లు అడగొచ్చు.

5. వరసలో నిలబడ్డాక చేయాల్సిన పనులు, వరసగా

మొదట ప్లేటు తీసుకోకుండా వరస పక్క నుంచి నడిచి వెళ్లి బకెట్లన్నీ చూడండి. ఏమేం ఉన్నాయో తెలుస్తుంది.

తర్వాత వడ్డించేవాళ్లను కాదు, వండినవాళ్లను అడగండి. నాలాంటి వడ్డించేవాడికి బకెట్‌లో పైకి కనిపించేదే తెలుసు. డేగిసా దగ్గర చెమటలు కక్కుతూ నిలబడ్డ మాస్టర్‌కు లోపల ఏముందో తెలుసు. "అన్నా, కూర చిక్కగ కావడానికి ఏమేసిన్రు?" అని అడగండి. "పల్లీలు ఉన్నయా" అనే ప్రశ్నకంటే ఇది మంచిది. ఆలోచించి చెప్తాడు.

మూడోది, గంటె సంగతి. వంకాయ కూర వడ్డించిన గంటెనే పప్పులో ముంచడం మా దగ్గర కూడా జరిగేది. మొదటి రకం పథ్యం ఉన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అందుకే మీ స్టీలు డబ్బా ఇచ్చి, ఇంకా ముట్టని గిన్నెలో నుంచి, కడిగిన గంటెతో వేయమని అడగండి. వరస మొదలు కాకముందు వెళ్తే ఇది తేలిక. మొదలయ్యాక ఎవరికీ తీరిక ఉండదు.

నాలుగోది, వద్దన్నది ప్లేటులో పడకముందే చేయి అడ్డం పెట్టండి. పడ్డాక పక్కకు నెట్టి తినడం ఎలర్జీ ఉన్నవాళ్లకు పనికిరాదు.

చివరగా, తొందరపడకుండా తినండి. అనుమానం ఉన్న వంటకం ఒక మెతుకంత పెదవికి తగిలించి చూద్దాం అనుకోకండి. గట్టి ఎలర్జీకి ఆ మెతుకే చాలు.

మొహమాటం గురించి ఒక మాట. ఉచితంగా తింటూ ఇన్ని అడగాలా అని చాలామంది తల దించుకుని పెట్టింది తినేస్తారు. వడ్డించేవాడిగా చెప్తున్నాను, అడిగితే మాకు కోపం రాదు. అడగకుండా తిని పడిపోతేనే భయం వేస్తుంది.

6. ఏ పథ్యానికి ఏం తినాలి

షుగర్

అన్నదానం ప్లేటులో షుగర్ ఉన్నవాళ్లకు రెండు ప్రమాదాలు. అందరికీ తెలిసినది, అన్నం ఎక్కువై షుగర్ పెరగడం. దానికంటే ముందు వచ్చేది, మందు వేసుకుని అన్నం దొరక్క షుగర్ పడిపోవడం. వేళకు తినకపోతే ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు గంటల్లోనే మనిషిని పడేస్తాయి. చేతులు వణకడం, చెమట, గుండె దడ, చిరాకు, కళ్లు మసకబారడం దాని గుర్తులు. మీటర్‌లో 70 కంటే కిందికి పోతే షుగర్ పడిపోయినట్టే. వెంటనే మూడు చెంచాల చక్కెర తీసుకుని, పావుగంట ఆగి చూడాలి. ఆ గుర్తులు తగ్గకపోతే మళ్లీ మూడు చెంచాలు. కుదుటపడ్డాక అన్నమో రొట్టో తినాలి. ఆ గడియలో పులిహోర, లడ్డూ, అరటిపండు ఏది దొరికినా తినండి, పథ్యం గురించి తర్వాత చూసుకోవచ్చు.

అందుకే ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "అన్నం దొరుకుతుందో లేదో తెలియని పూట ఈ మాత్ర వేసుకోవాలా, ఆపాలా?" ఒక్కో మందుకు జవాబు ఒక్కోలా ఉంటుంది. మీకు మీరుగా ఇన్సులిన్ మానేయొద్దు.

ఇక ప్లేటు సంగతి. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు ఉంటుంది. అన్నదానంలో మొదటి వడ్డనే 300 గ్రాములకు తగ్గదు. ముందు కూర, పప్పు మామూలు కంటే రెండింతలు వేయించుకుని, వాటిలో సగం ఉత్తగా తిని, తర్వాత అన్నం కలుపుకోండి. అలా తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. అన్నం ఒక్క గంటె చాలు, మారు వడ్డనలో పప్పు అడగండి. తీపి వద్దనండి. పొద్దున తెచ్చుకున్న పుట్నాలు గుప్పెడు తింటే సాయంత్రం దాకా ఆగొచ్చు.

పల్లీలు, నువ్వులు పడనివాళ్లు

మన తెలంగాణ వంటలో ఇవి దాక్కునే చోట్లు చాలా. గుత్తి వంకాయ, బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, టిఫిన్ చట్నీ, పులిహోర, పచ్చిపులుసు మీద చల్లిన నువ్వుల పొడి, సర్వపిండి, సకినాలు, పోపు వేసిన పల్లినూనె. గానుగ నూనె అసలే వద్దు. మీకు కాస్త భరోసా ఇచ్చేవి ఉత్త అన్నం, ఉత్త పప్పు, ఉడికించిన గుడ్డు, తొక్క తీసి తినే పండ్లు.

గొంతు బిగుసుకుంటే లేచి నడవొద్దు. వెల్లకిలా పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోవచ్చు. దురద మాత్ర వేసుకుని చూద్దామని ఆగకండి. 108కే ఫోన్ చేయాలి.

గోధుమ పడనివాళ్లు

అన్నం తినే ప్రాంతంలో ఉండటం మీ అదృష్టం. పూరి, చపాతి, ఉప్మా, సేమ్యా, బక్షాలు, కేసరి కంటికి కనిపిస్తాయి, మానేస్తారు. కనిపించనిది ఇంగువ. డబ్బాల్లో అమ్మే ఇంగువలో చాలావాటిలో గోధుమ పిండో మైదానో కలిపి ఉంటుంది. సాంబారు, పులిహోర, పోపు పప్పు అన్నిట్లో అదే పడుతుంది. జొన్న రొట్టె మంచిదే కానీ ఆ పిండి ఏ గిర్నీలో పట్టించారో అడగాలి. అంతకుముందు గోధుమలు పట్టిన గిర్నీలో జొన్నలు వేస్తే రెండూ కలిసిపోతాయి.

కిడ్నీ, బీపీ

తొక్కు, అప్పడం, సాంబారు మానేయాలి. ఉప్పంతా వాటిలోనే. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు సాంబారు, మజ్జిగ, అంబలి కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయి. దాతలు ప్రేమతో ఇచ్చే అరటిపండు, కొబ్బరి నీళ్లు, బత్తాయి రసంలో పొటాషియం ఎక్కువ. డాక్టర్ వద్దన్నవాళ్లు తీసుకోకూడదు. అన్నం, కాస్త కూర, ఉడికించిన గుడ్డు తెల్లసొన చాలామందికి సరిపోతాయి. గుడ్డు ఎంత, పప్పు ఎంత అన్నది మీ డయాలసిస్ సెంటర్‌లో రాయించుకోండి.

పాలు పడనివాళ్లు

కడుపు ఉబ్బరం మాత్రమే వచ్చేవాళ్లు పాలు మాని, పెరుగు కొద్దిగా తిని చూడొచ్చు. పాలతో ఎలర్జీ వచ్చేవాళ్లు నెయ్యి కూడా ముట్టకూడదు. గుళ్లలో అన్నం మీద నెయ్యి అడగకుండానే వేస్తారు.

నివేదించినది తినని ముస్లింలు, క్రైస్తవులు

గుడి కాకుండా ఆస్పత్రి గేట్ల దగ్గర, బస్టాండ్ల దగ్గర దాతలు పెట్టే భోజనం చూసుకోండి. శాకాహారం అయితే హలాల్ చింత ఉండదు.

7. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

తప్పు: ఫంక్షన్ హాల్లో మిగిలిన అన్నం రాత్రి పదింటికి తెచ్చి ఇస్తే డబ్బాలో పెట్టుకుని పొద్దున తినడం. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అందులో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. దిద్దుబాటు: ఎప్పుడు వండారో అడగండి. పొగలు పోయి చాలాసేపైతే వద్దనండి. మాంసం కూర అయితే మరీ జాగ్రత్త. కిడ్నీ రోగులు, గర్భిణులు, పసిపిల్లలు దీని జోలికి పోకూడదు.

తప్పు: మధ్యాహ్నం ఎక్కువ తినేసి రాత్రికి పస్తు ఉండటం. షుగర్ ఉన్నవాళ్లకు ఇది రెండువైపులా దెబ్బ. దిద్దుబాటు: డబ్బా ఉంది కదా, పప్పు, కూర సగం అందులో వేసుకుని రెండు గంటల్లోపు తినండి. రాత్రికి మాత్రం ఎండు తిండి ఉంచుకోండి.

తప్పు: నిన్న ఇక్కడ తిన్నాం, ఏం కాలేదు, ఈ రోజూ తినొచ్చు అనుకోవడం. దాత మారితే వంట మారుతుంది, నూనె మారుతుంది. దిద్దుబాటు: ప్రతి పూటా కొత్తగా అడగండి.

తప్పు: చిన్న పిల్లాడి చేతికి ప్లేటు ఇచ్చి వరసలోకి పంపడం. దిద్దుబాటు: ఎలర్జీ ఉన్న పిల్లాడి పక్కన పెద్దవాళ్లు ఉండాలి, చీటి వాడి చొక్కాకు పిన్నుతో పెట్టాలి.

8. రాత్రయింది, ఎక్కడా దొరకలేదు

ముందు సంచిలోని ఎండు తిండి తినండి. అదీ లేకపోతే దగ్గరి హోటల్‌కు మూసే ముందు వెళ్లి "ఉత్త అన్నం ఒక్క ప్లేటు, పెరుగు ఉంటే కొంచెం, పైసలు లేవు" అని నేరుగా చెప్పండి. కూర వద్దని, ఉత్త అన్నం అడిగిన మనిషిని మన దగ్గర వెళ్లగొట్టేవాళ్లు తక్కువ.

ఫోన్ చేయాల్సినవి:

- వృద్ధులు ఒంటరిగా ఉంటే 14567
- పిల్లలైతే 1098
- ఇంట్లో హింస వల్ల బయటికి వచ్చిన మహిళలు 181. సఖి కేంద్రంలో ఐదు రోజుల వరకు వసతి, భోజనం ఇస్తారు
- తూలి పడిపోతే, ఊపిరి ఆడకపోతే 108

9. రోజూ వరసలో నిలబడకుండా

ఒక పూట గడిచాక దీని మీద పడండి. పథ్యం ఉన్నవాళ్లకు వేరేవాళ్లు వండినదాని కంటే సొంతంగా వండుకున్నదే క్షేమం.

రేషన్ కార్డు ఉంటే మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితం. 2025 ఏప్రిల్ నుంచి దొడ్డుబియ్యం పోయి సన్నబియ్యం ఇస్తున్నారు. అంత్యోదయ కార్డుకు కుటుంబానికి 35 కిలోలు. సొంత ఊరికే పోవాల్సిన పని లేదు, వరంగల్‌లో ఉంటే ఇక్కడి షాపులోనే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. డీలర్ కాదంటే 1967కి ఫోన్ చేయండి.

గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీలో పేరు రాయించుకోవాలి. ఆరోగ్య లక్ష్మి కింద రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఉంటాయి. ఏడు నెలలు నిండిన పిల్లలకు ఇచ్చే బాలామృతంలో గోధుమలు, పాలపొడి, శనగపప్పు, చక్కెర కలుస్తాయి. పిల్లకు పాలో గోధుమో పడకపోతే ప్యాకెట్ విప్పకముందే టీచర్‌కు చెప్పండి.

టీబీ మందులు వాడుతున్నవాళ్లకు పౌష్టికాహారం కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. పడకపోతే మందులిచ్చే చోటే అడగాలి, చాలాసార్లు ఖాతా నంబర్ తప్పే కారణం.

వెళ్లే ముందు ఒకసారి చూసుకోండి:

- చీటి జేబులో ఉందా
- స్టీలు డబ్బా, చెంచా
- చక్కెర పొట్లం
- ఈ పూట మందు వేసుకున్నానా, ఎన్నింటికి
- ఎండు తిండి ఒక పూటకు
- తోడు ఉన్నవాళ్లకు నా పథ్యం తెలుసా

10. అన్నం పెట్టేవాళ్లకు

ఇది చదివేవాళ్లలో అన్నదానం చేసేవాళ్లు కూడా ఉంటారు. అడగాల్సింది ఎక్కువ లేదు. పప్పుకు పోపు వేయకముందే ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టండి. పసుపు, ఉప్పు కొద్దిగా, అంతే. మూత పెట్టి, దానికి సొంత గంటె ఒకటి ఉంచండి. గిన్నె మీద కాగితం అంటించి "పల్లీలు, నువ్వులు, ఇంగువ, నెయ్యి లేవు" అని రాయండి. అన్నం కూడా డేగిసా తెరవగానే మొదటి గంటెలు ఒక గిన్నెలోకి తీయండి. ఖర్చు పెరగదు, పది నిమిషాల పని.

మా దగ్గర ఆ గిన్నె మొదలుపెట్టిన మొదటి ఆదివారం ఎవరూ అడగలేదు. మూత తీయకుండానే ఇంటికి తెచ్చుకున్నాను. పోయిన ఆదివారం అందులో నుంచి పదకొండు మంది తిన్నారు. చివర్న వచ్చిన ఒక పెద్దమ్మ డబ్బా చాపి, "నాకు తొక్కొద్దు బిడ్డా, డాక్టర్ వద్దన్నడు, ఈ పప్పు చాలు" అంది.